పొయ్యి మసి - కాయక ధర్మము

అన్నము తినువాని దృష్టి విస్తరిపై నుండును. వడ్డించువాని దృష్టి పంక్తిపై నుండును. వండువాని దృష్టి పాత్రపై నుండును. పొయ్యిపై దృష్టి నిలుపువారు అరుదు. పొయ్యి వెలుగుచున్నంతసేపు దానితో అందరికిని పని గలదు. ఆరిన పిమ్మట అది ఎవరికిని పట్టదు. కాని మరునాటి అన్నము ఆరిన పొయ్యి నుండియే ప్రారంభమగుచున్నది. నేటి బూడిద తీయక, నేటి జిడ్డు తుడువక రేపటి వంట సాగదు. అట్లయిన పొయ్యిని శుభ్రపరచుట అన్నదానములో ఒక భాగమా, లేక అన్నదానము ముగిసిన తరువాత మిగిలిన వట్టి చాకిరియా? ఈ ప్రశ్న చిన్నదిగా దోచును. విచారించిన కొలదియు కాయకము, దాసోహము అను రెండు మహాతత్త్వములును ఇచ్చటనే పరీక్షకు వచ్చుచున్నవని తెలియును.

జహీరాబాదు ప్రాంతమునందలి ఒక లింగాయతు గృహమును ఉదాహరణముగా గైకొనవచ్చును. ఆ యింట మూడు తరములవారు కలసి యున్నారు. అవ్వ కాపురము మట్టిపొయ్యితో ఆరంభమైనది. ఆమె కోడలి కాలమున గ్యాసుపొయ్యి వచ్చినది. మనుమని భార్య అత్తవారింట అడుగిడిన ఏడాదికి వంటయింటి అరుగుపై విద్యుత్ ఓవెను వచ్చి చేరినది. వైశాఖ శుద్ధ తృతీయనాడు, బసవ జయంతి సందర్భమున, సాయంకాలము ఇంటికి రానున్న జంగమయ్యకును బంధువులకును పెట్టుటకై నానుఖటాయీలు చేయదలచిరి. ఓవెను వేడెక్కినంతనే లోపలి నుండి నల్లని పొగ వెడలి వంటయిల్లంతయు నిండినది. పది దినములకు ముందు మనుమడు తన మిత్రులను పిలిచి విందు చేసియుండెను. నాడు పళ్ళెము నుండి పొంగి కారిన నెయ్యియు, చీజును అడుగున మాడి గట్టిపడి యుండెను. తినినవారు తిని లేచిపోయిరి. తలుపు మూసియుండుటచే లోపలి మసి ఎవరి కంటను పడలేదు.

ఆ దినము పనిమనిషి రాలేదు. కోడలు పొంగలి పనిలో నుండెను. మనుమని భార్య పిండి కలుపుచుండెను. అవ్వ మనుమని పిలిచి, ఓవెను చల్లారిన పిమ్మట దానిని తుడువుమని చెప్పినది. అతడు చదువుకొన్నవాడు, బసవేశ్వరుని ధర్మమును గూర్చి సభలలో మాట్లాడగలవాడు. అతడు నవ్వి, "అవ్వా, మన ధర్మమున సూతకములు లేవు గదా! మాడిన నెయ్యి మైల యగునా? రేపు పనిమనిషి వచ్చి తుడుచును. అందాక అంగడి మిఠాయి తెప్పించెదను" అనెను. అందుల కవ్వ, "మైల కాదు, బిడ్డా. మైల కాదు గనుకనే నీవును తుడువవచ్చును" అని మరల తన పనిలో నిమగ్నురాలాయెను.

అవ్వ బడిలో చదివినది కాదు. అయినను ఆమె పలికిన మాటలో ఒక సిద్ధాంతమే యిమిడి యున్నది. దానిని కొంత విడమరచి చూడవలసియున్నది.

మైల వేరు, మురికి వేరు

మైల యనునది మనస్సు కల్పించిన భేదము. మురికి యనునది కంటికి గానవచ్చు పదార్థము. ఒకడు పుట్టినందునను, ఒకడు గిట్టినందునను, ఒకడు తినగా మిగిలినందునను, ఒకడు ఫలానా కులమున జన్మించినందునను సంభవించునని చెప్పెడిది మైల. దానిని నీటితో కడిగినను పోదని కొందరు చెప్పుదురు. మంత్రముతో పోవునని మరికొందరు చెప్పుదురు. మురికి యట్టిది కాదు. అది ఎవరి యింటనైనను ఒక్కటే. ఎవరి చేతితో తుడిచినను పోవును.

జనన సూతకము, మరణ సూతకము, రజస్సూతకము, ఉచ్ఛిష్ట సూతకము, జాతి సూతకము అను ఐదును లింగధారికి లేవని వీరశైవ సిద్ధాంతము. పన్నెండవ శతాబ్దమున కళ్యాణపట్టణమున ఈ మాటను ఆచరణలో పెట్టుట సామాన్యమైన సాహసము కాదు. సూతకములను తొలగించుట యనగా కొన్ని పూజలను మానుట మాత్రమే కాదు. మైలను నమ్మిన సమాజమున మైలను ఎత్తుటకు ఒక వర్గము కావలసి వచ్చును. కొందరు పవిత్రులుగా నుండుటకై కొందరు అపవిత్రులుగా నుండవలసి వచ్చును. చీపురు ఒకరి చేతికే, తోముడు పీచు ఒకరి చేతికే శాశ్వతముగా అంటగట్టబడును. మైల లేదన్నచో ఈ కట్టడమంతయు కూలిపోవును. మసి వట్టి మసియే యైనచో దానిని తుడుచుటకు ప్రత్యేకమైన కులము లేదు. స్త్రీ యనియు పురుషుడనియు నియమము లేదు. చిన్న పెద్ద యను అంతరము లేదు. అవ్వ చెప్పినది ఇదియే. సూతకము లేదను సిద్ధాంతమును మనుమడు పని తప్పించుకొనుటకు వాడినాడు. అవ్వ దానినే పని పంచుకొనుటకు వాడినది. సిద్ధాంతము ఒక్కటే, దానిని ఏ చేతితో పట్టుకొంటిమను దానిని బట్టి ఫలము మారుచున్నది.

శరణుల చరిత్రలలో సత్యక్క ప్రసిద్ధురాలు. శివభక్తుల వాకిళ్ళు ఊడ్చుట ఆమె కాయకము. ఊడ్చిన వాకిలి మరునాటికి మరల దుమ్ము కొట్టుకొని పోవును. కుండ చేసిన కుమ్మరికి కుండ మిగులును, నేత నేసినవానికి వస్త్రము మిగులును, ఊడ్చినవారికి మిగిలినదేమి? ఏదియు మిగులకుండుటయే ఆ పనికి సార్థకత. అట్టి పనిని కాయకముగా స్వీకరించిన స్త్రీని శరణుల పంక్తిలో గౌరవస్థానమున నిలుపుటచే కళ్యాణ శరణులు లోకమునకు ఒక మాట చెప్పిరి. చేసినపుడు కానరాక, చేయనపుడు మాత్రమే కానవచ్చెడి పని ఏది గలదో అదియు కాయకమే.

మసి స్వభావము, దానిని తీయు విధము

పనిని గౌరవించుట యనగా దానిని నేర్చుకొనుట. నోటితో మాత్రము గౌరవించి చేతితో ఎరుగనివాని గౌరవము పొట్టు వంటిది. కావున మసి యేమో, అది యేల అంటుకొనునో తెలియుట అవసరము.

నెయ్యి గాని నూనె గాని పలుచగా పరచుకొని మాటిమాటికి వేడెక్కినపుడు గాలిలోని ప్రాణవాయువుతో కలసి మొదట జిగటగాను, పిదప లక్కవలె గట్టిగాను మారును. ఇంకను వేడెక్కినచో నల్లని బొగ్గగును. తొలినాడు వేడినీటి గుడ్డతో పోవు జిడ్డు పదవనాడు ఇనుపపీచుకును లొంగదు. ఆలస్యమునకు ఇది శిక్ష. దానిని తీయుటకు బలము కంటె ఓర్పు ప్రధానము.

మొదట ఓవెను ప్లగ్గును తీసివేసి పూర్తిగా చల్లారనీయవలయును. లోపలి పళ్ళెములను, కమ్ములను వెలికి తీసి వేడి సబ్బునీటిలో నానబెట్టవలయును. వంటసోడాను కొలది నీటితో దోసెపిండివలె కలిపి, మాడిన చోటులకు పూసి, రాత్రియంతయు విడిచిపెట్టవలయును. వేడినిచ్చు కడ్డీలకును, ఫ్యానునకును అది తగులరాదు. తలుపు చుట్టునుండు రబ్బరు పట్టీని రుద్దరాదు. సోడా క్షారగుణము గలది. క్షారము క్రొవ్వును వదులు చేయును. కొంత క్రొవ్వును సబ్బుగా మార్చును. తెల్లవారిన పిమ్మట తడిగుడ్డతో తుడిచినచో చాల భాగము ఊడివచ్చును. తలుపు అద్దమునకు ఇనుపపీచు వాడినచో గీతలు పడును. మెత్తని గుడ్డగాని ప్లాస్టిక్ రేకుగాని చాలును. అల్యూమినియము పళ్ళెములను సోడాలో చిరకాలముంచినచో అవి నల్లబడును. చివరకు మిగిలిన తెల్లని సోడాపొడిపై కొంచెము వినెగరు చల్లినచో నురుగు లేచి కరగిపోవును. పిదప మంచినీటి గుడ్డతో రెండుమార్లు తుడువవలయును. ఆరిన పిమ్మట కిటికీలు తెరచి, వట్టి ఓవెనును పది నిమిషములు వేడి చేసినచో మిగిలిన వాసనయు పోవును.

కొందరు తొందరచే సోడాను, వినెగరును ముందే కలిపి పూయుదురు. ఒకటి క్షారము, మరియొకటి ఆమ్లము. రెండును కలసి పొంగి ఒకదాని బలమును మరియొకటి హరించుకొనును. నురుగు చూచి పని జరిగినదని భ్రమ కలుగును. మసి యథాస్థానమున నుండును. ఆర్భాటము వేరు, పని వేరు అనుటకు ఇంతకు మించిన దృష్టాంతము వంటయింట లేదు. అంగడిలో లభించు ఘాటైన మందులలో పెక్కింట కాస్టిక్ సోడా యుండును. అది మసిని త్వరగా కరగించును గాని చర్మమును, కన్నులను కాల్చును, అల్యూమినియమును తినివేయును. వానిని వాడవలసివచ్చినచో రబ్బరు చేతొడుగులు లేక వాడరాదు. ఒక మందులో మరియొక మందును కలుపరాదు.

గ్యాసుపొయ్యికి వేరు విధము గలదు. ముందు రెగ్యులేటరు కట్టివేసి, బర్నరు చల్లారిన పిదప తీసి, రంధ్రములను సన్నని సూదితో శుభ్రము చేయవలయును. ఇత్తడి బర్నరుకు చింతపండు గాని నిమ్మ గాని చాలును. మంట నీలముగా నున్నచో గాలి సరిగా అందుచున్నదని గుర్తు. మంట పసుపురంగుకు తిరిగి గిన్నెల అడుగు నల్లబడుచున్నచో రంధ్రములు మూసుకొనుటయో, గాలి చాలకుండుటయో కారణమగును. అట్టి మంట నుండి ప్రాణాపాయకరమైన కార్బన్ మోనాక్సైడు పుట్టవచ్చును.

మట్టిపొయ్యి యున్న యింట బూడిద తీయువారు తొందరపడరాదు. పైకి చల్లగా నున్నను లోపల నిప్పుకణము దాగియుండును. బూడిద తీసిన పిమ్మట పగుళ్ళకు మట్టి మెత్తి, ఎర్రమట్టితోను పేడతోను అలికి, ముగ్గు వేయుట పూర్వపు స్త్రీల నిత్యకృత్యము. ఆ బూడిదయే మరల గిన్నెలు తోముటకు ఉపయోగపడెడిది. కట్టెబూడిదయందును క్షారమే గలదు. పిడక కాలిన భస్మమే శుద్ధి పొంది నుదుట విభూతి యగుచున్నది. పిడక బూడిద ఒకచోట అంటుగిన్నెను తోముచున్నది, మరియొకచోట భక్తుని నుదుట వెలుగుచున్నది. పదార్థమున హీనత లేదు. చూచు కంటియందే హెచ్చుతగ్గులు గలవు.

కాయకము పేర బరువు మోపుట

ఇచ్చట ఒక ఆక్షేపము రావచ్చును. అన్ని పనులును సమానమైనచో, పొయ్యి తుడుచుటయు కాయకమైనచో, ఇంటి కోడలు దానిని భక్తితో చేసికొనుచున్నదిగదా, మరియొకరికి పంచుట ఏల? వినుటకు ఈ మాట సిద్ధాంతమువలెనే యుండును. కాని ఇందొక మోసము గలదు. పని గొప్పదని చెప్పువాడు ఆ పనిని తానెన్నడును చేయకున్నచో, ఆ ప్రశంస చేయువారికి గౌరవము కాదు. వారి నోరు మూయు మిఠాయి మాత్రమే. నిజముగా పొయ్యి తుడుచుట పూజతో సమానమని నమ్మినవాడు ఆ పూజాఫలమును భార్యకే విడిచిపెట్టి ఊరకుండునా? సమానమైన పనియే యైనచో అది ఏల ఎల్లప్పుడును ఒక్కరి చేతికే వచ్చుచున్నది?

ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ దంపతుల కథ ఎరుగని లింగాయతు గృహముండదు. కళ్యాణమున నేలరాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చి జంగమదాసోహము సలుపుట మారయ్య కాయకము. ఒకనాడతడు ఎప్పటికంటె అధికముగా బియ్యము తెచ్చెను. లక్కమ్మ సంతోషింపలేదు, ఆశ యెక్కడిదని భర్తను ప్రశ్నించి, ఎక్కువైనదానిని మరల అచ్చటనే పోసి రమ్మనెను. మారయ్య ఆ మాట శిరసావహించెను. పొయ్యివద్ద నున్న స్త్రీ వండిపెట్టునది మాత్రమే కాదు. ఆ పొయ్యికి ఏది రావలయునో, ఎంత రావలయునో నిర్ణయించు అధికారము గలది. లక్కమ్మ చేతిలో గరిటె మాత్రమే కాదు, ధర్మనిర్ణయము కూడ నుండెను. నేటి గృహములలో లక్కమ్మ పేరును కొనియాడుచు, ఇంటి ఇల్లాలి మాటను గరిటెకు పరిమితము చేయువారు ఆ కథను సగమే చదివిరని చెప్పవలయును.

సంప్రదాయమున కాశ్మీరదేశపు రాజని చెప్పబడు మోళిగ మారయ్య కళ్యాణమునకు వచ్చి కట్టెలమోపు అమ్మి జీవించెను. పొయ్యిలోని కట్టెను మోయుటకు రాజు సిగ్గుపడని ధర్మమున, ఆ పొయ్యిలోని బూడిద తీయుటకు గృహస్థుడు సిగ్గుపడుట యుక్తమా?

పని పంచుకొనుట యనగా అందరును అన్నియు చేయవలయునని కాదు. వృద్ధులకు చేతకాదు, దూరమేగి సంపాదించువారికి తీరికయుండదు, జీతమిచ్చి పనిమనిషిని పెట్టుకొనుటయు తప్పు కాదు. జీతమునకు చేసిన పనియు కాయకమే. కాని ఆమెకు తగిన వేతనము, ఘాటైన మందులు వాడునపుడు చేతొడుగులు, వేడినీరు, వలసినంత సమయము ఇచ్చుట యజమాని కాయకము. పది దినములు మాడనిచ్చిన మసిని ఒక్క గడియలో తోమి పొమ్మనుట దాసోహమెరిగిన యింటికి తగదు. ఆమె తోమిన పళ్ళెములోనే ఆమెకు అన్నము పెట్టని యింట ఉచ్ఛిష్ట సూతకము, జాతి సూతకము రెండును బ్రతికియున్నవనియే యెంచవలయును.

పొయ్యి మసి పొయ్యికే పరిమితము కాదు. అది వండువారి ఊపిరితిత్తులలోనికిని పోవుచున్నది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ననుసరించి 2020వ సంవత్సరమున ఇండ్లలోని వాయుకాలుష్యము వలన మరణించినవారు సుమారు 32 లక్షల మంది. కట్టె, పిడక, బొగ్గు మొదలగువాని పొగయే ఇందులకు ముఖ్యకారణము. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 1999లో దీపం పథకమును, దేశమంతటను 2016లో ఉజ్జ్వల యోజనయు ప్రారంభమై పేద గృహములకు గ్యాసు చేరుటకు తోడ్పడినవి. తరతరములు స్త్రీలు కన్నులు తుడుచుకొనుచు వండిరి. ఇంటివారు అన్నము రుచిని మెచ్చిరి గాని పొగను ప్రశ్నింపలేదు. కానరాని పనిని గౌరవింపనిచోట కానరాని బాధయు గౌరవింపబడదు.

మఠములలో

ఈ విచారము మఠములకును వర్తించును. తుమకూరు సిద్ధగంగా మఠమున వేలాది విద్యార్థులకు నిత్యము అన్నము, విద్య, వసతి లభించుచున్నవి. 2019వ సంవత్సరమున లింగైక్యులైన శ్రీ శివకుమార స్వామివారు ఆ త్రివిధ దాసోహమును దశాబ్దములపాటు నిర్వహించిరి. అంతటి అన్నము వెనుక ఎంతటి గంగాళములు, ఎంతటి పొయ్యిలు, ఎంతటి తోముడు పని యుండునో ఊహింపవచ్చును. ఏ మఠమునందైనను పండుగనాడు వడ్డనకు భక్తులు పోటీపడుదురు. గరిటె పట్టినవారికి ఫొటో గలదు, శాలువ గలదు. పంక్తులు లేచిన పిమ్మట నల్లబడిన గాడిపొయ్యి వద్ద, మాడిన గంగాళము వద్ద నిలిచెడివారు నలుగురైదుగురే. అన్నదానమునకు ద్రవ్యమిచ్చిన దాత ఆ సాయంకాలము ఒక్క గంగాళమును స్వయముగా తోమినచో అతని దానము సంపూర్ణమగును. శాలువ కప్పదలచిన మఠములు తోమినవారి భుజములను కూడ చూడవలయును. వడ్డనయందు చేయి పైన నుండును, అహంకారము దాగుటకు చోటుండును. తోముటయందు నడుము వంగును; అందు దాసోహమను భావమునకు మాత్రమే చోటు గలదు.

ఇక ఆ జహీరాబాదు గృహమునందు జరిగినదేమనగా, ఆనాడు నానుఖటాయీలు కాలేదు. అతిథులకు పొంగలితో సత్కారము జరిగినది. రాత్రి అందరును పరుండిన పిదప మనుమడు ఓవెను తలుపు తెరచి సోడా పూయుచుండగా అతని భార్య వచ్చి, కడ్డీకి తగులనీయవద్దని చూపినది. తెల్లవారుజామున అతడు తుడిచిన గుడ్డలు మూడు నల్లబడినవి. ఒక మూల మాత్రము మచ్చ పోలేదు. అవ్వ వచ్చి లోపలికి తొంగిచూచి, "మిగిలినది రేపు పోవును, బిడ్డా. ఇక తిన్ననాడే తుడువుము" అని చెప్పినది. ఆ మాటలో మెప్పు లేదు, నింద లేదు. వంటయింటి పనిలో అతనికిని ఒక భాగము పంచియిచ్చుట మాత్రము గలదు.

తిన్ననాడే తుడుచుట యనునది మసికి మాత్రమే చెప్పిన మాట కాదు. ఇంటిలో ఒకరిపై ఒకరికి గల బాకీలు, పలుకక దాచుకొన్న నొప్పులు, ఒకరి శ్రమపై మరియొకరు మోపిన బరువులు తిన్ననాడే తుడువనిచో అవియు లక్కవలె గట్టిపడును; పండుగనాడు పొగయై లేచును. తిన్నవారందరును తుడిచెడి యింట దాసోహము విస్తరితో ముగియదు. ఆరిన పొయ్యివరకు సాగును. అట్టి పొయ్యిపై మరునాడు పొంగెడి అన్నము ప్రసాదమనుటకు సందేహము లేదు.